మల్కాపుర శాసనంలోని ప్రసూతిశాల



కాకతీయుల ధర్మకార్యాలు అనగానే ఆస్తికజనులకు హనుమకొండ వేయిస్తంభాల గుడి, పాలంపేట రామప్ప దేవాలయం, పాకాల తటాకం స్ఫురిస్తాయి. ప్రసూతిశాల ఎవరికీ స్ఫురించదు. ఓరుగల్లులో దీర్ఘకాలంగా అర్చకత్వం చేస్తున్న నాకు కూడా అది స్ఫురించింది కొన్నేండ్ల క్రితమే. అదీ శాసనాలు చదివినందువల్ల కాదు, ఒక నర్సు నన్ను వారించినందువల్ల.

ముందు శాసనం సంగతి. గణపతిదేవ చక్రవర్తికి దీక్షాగురువు విశ్వేశ్వర శంభువు. డాహల మండలంలోని గోళకీమఠ పరంపరకు చెందిన శైవాచార్యుడు, జన్మతః గౌడదేశీయుడు. కృష్ణానది దక్షిణతీరాన మందడం గ్రామాన్ని గణపతిదేవుడు ఆయనకు సమర్పించగా, రుద్రమదేవి దానికి వెలగపూడిని జోడించింది. ఈ దానశాసనం 1261లో మల్కాపురంలో వెలసింది. నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్నది ఆ వెలగపూడిలోనే. ఆచార్యుడు ఆ ఆదాయంతో శివాలయం, మఠం, వేదశాస్త్రాలు బోధించే విద్యాస్థానం, కులభేదం లేక అన్నం పెట్టే సత్రం నెలకొల్పాడు. వాటి సరసనే ఆరోగ్యశాల, ప్రసూతిశాల. దేవునికి నైవేద్యం జరిగిన దానద్రవ్యంతోనే ప్రసూతిశాల కూడా నడిచిందన్నమాట. ఈ ఒక్క విషయం మా వంటి అర్చకులు నిదానంగా ఆలోచించదగినది.

శాసనం పేరు చెప్పి ఊరుకుంటుంది. ప్రసూతిశాల లోపల శిశువును ఎట్లా చూడాలన్నది ఆ కాలానికే ప్రాచీనమైన సంహితలలో ఉన్నది. చరకసంహిత శారీరస్థానం అష్టమాధ్యాయంలో సూతికాగార వర్ణన, జననానంతర కర్తవ్యం సవిస్తరంగా కనిపిస్తాయి. పుట్టిన శిశువు నిశ్చేష్టంగా ఉంటే చెవుల దగ్గర రెండు రాళ్ళు తాటించాలి, ముఖంపై నీరు చల్లాలి, ప్రాణం తేరుకొనేవరకు చేటతో విసరాలి. గోళ్ళు తీసిన వ్రేలికి శుభ్రమైన దూది చుట్టి నోరు, అంగిలి, నాలుక తుడవాలి. నాభినాళాన్ని ఎనిమిది అంగుళాలు కొలిచి పదునైన శస్త్రంతో ఛేదించాలి. నాభి పాకమైతే చేయవలసిన తైలచికిత్స కూడా చెప్పబడింది. సూతికాగారంలో తిందుక కాష్ఠాలతో నిత్యాగ్ని ఉండాలన్నాడు. తిందుకమంటే మన అడవుల తునికి చెట్టే. ఆ అగ్నిని మనం రక్షావిధిగానే చదువుకున్నాము. శిశువుకు వెచ్చదనం కూడా అదేనని మాకు పాఠశాలలో ఎవరూ చెప్పలేదు.

ఇక నా కథ. మా అమ్మాయికి తొలికాన్పు ఎనిమిదో నెలలోనే జరిగింది. పాప బరువు 1,400 గ్రాములు. జాతకర్మ విధి ప్రకారం బంగారు ఉంగరం, తేనె, నెయ్యి తీసుకొని ఆసుపత్రికి వెళ్ళాను. నవజాత శిశు విభాగం గుమ్మం దగ్గర నర్సు చేతులు జోడించి నన్ను ఆపింది. "పంతులుగారూ, తేనె పెట్టొద్దండి. పాపకు ఇంకా మింగుడే రాదు." నా కూతురు వయసు కూడా లేని పిల్ల నాకు విధి చెబుతున్నదని కోపం వచ్చిన మాట నిజం.

ఆ కోపంతోనే అద్దం అవతల కూర్చున్నాను. ఆమె చేసే పని చూస్తూ ఉండగా కోపం ఎప్పుడు పోయిందో తెలియలేదు. చేతులు కడుక్కొని పాప శరీరోష్ణం చూసేది, 36.5 నుండి 37.5 డిగ్రీల మధ్య ఉండాలట. నిమిషం పాటు ఊపిరులు లెక్కించేది. అరవైకి చేరితే వైద్యునికి కబురు. రొమ్ము లోపలికి గుంజుకుపోతున్నదా, పెదవులు నీలిబారాయా, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడ్డాయా, గొట్టం ద్వారా ఇచ్చిన తల్లిపాలు నిలిచాయా అని పరిశీలించి ప్రతిదీ వ్రాసేది. రాత్రి మరొక నర్సు వచ్చి అదే క్రమం.

అప్పుడు కాశ్యపసంహిత జ్ఞాపకం వచ్చింది. కౌమారభృత్యానికి ప్రధానమైన ఆ గ్రంథం అసంపూర్ణంగానే నేపాళంలో లభించింది. అందులో వేదనాధ్యాయం అని ఒకటున్నది. మాట రాని శిశువు బాధను చేష్టలను బట్టి గ్రహించే విద్య అది. చెవినొప్పి ఉన్న బిడ్డ చేతులతో చెవులు తాకుతుంది. శూల ఉన్న బిడ్డ స్తన్యం విడిచి ఏడుస్తుంది, కడుపు బిగుసుకుంటుంది, ముఖాన చెమట పడుతుంది. పాలు త్రాగకపోవడమే నేటి వైద్యులు కూడా చెప్పే తొలి ప్రమాదచిహ్నాలలో ఒకటి. అమెరికాలో వర్జీనియా ఆప్గార్ అనే వైద్యురాలు 1953లో ప్రకటించిన పద్ధతిలో హృదయస్పందన, శ్వాస, కండరాల బిగువు, ప్రతిస్పందన, వర్ణం అనే అయిదింటికి పదిలోపు అంకెలు వేసి శిశుస్థితిని నిర్ణయిస్తారు. అంకెలు కొత్తవి. మాట రాని ప్రాణిని చూపుతో ప్రశ్నించడం కొత్తది కాదు.

అంతమాత్రాన అన్నీ మన గ్రంథాలలోనే ఉన్నాయనడం సత్యం కాదు. చెవి దగ్గర రాళ్ళు తాటించడం నేడు లేదు. పొడిగుడ్డతో తుడిచి వీపు నిమురుతారు, అవసరమైతే సంచితో ఊపిరి అందిస్తారు. తేనె విషయంలో ఆ నర్సు మాటే సరైనది. తేనెలో ఉండగల ఒకానొక సూక్ష్మజీవి ఏడాదిలోపు శిశువుకు పక్షవాతం వంటి వ్యాధి కలిగించగలదు. ముర్రుపాలకు ముందు మరేదీ పనికిరాదు. నేను ఎన్ని ఇండ్లలో ఎన్ని పసినాలుకలకు తేనె రాయించానో తలచుకుంటే నేటికీ మనస్సు కలుక్కుమంటుంది.

చరకుడు చికిత్సకు నాలుగు పాదాలు చెప్పాడు: భిషక్కు, ద్రవ్యం, ఉపస్థాత, రోగి. ఉపస్థాత అంటే పరిచర్య చేసేవారు. వారికి ఉండవలసిన గుణాలు ఉపచారజ్ఞత, దాక్ష్యం, అనురాగం, శౌచం. శౌచం అనగానే మడి అని చదువుకున్న నాకు ఆ విభాగంలో మోచేతుల దాకా కడుక్కొనే చేతులు కొత్త వ్యాఖ్యానంలా కనిపించాయి.

వారం తరువాత పాపను తల్లి రొమ్ముకు చర్మం ఆనేట్టు కట్టి గంటల తరబడి ఉంచమన్నారు. 1978లో కొలంబియా దేశపు బొగోటాలో, ఉష్ణపేటికలు చాలని ఆసుపత్రిలో ఆరంభమైన పద్ధతి అది. కంగారూ సంరక్షణ అంటారు. మా అమ్మగారు పురుడు, మైల అని సందేహించారు. "అమ్మా, ఇద్దరిదీ ఒకటే మైల. తల్లికీ బిడ్డకూ మధ్య అంటు ఎక్కడిది?" అన్నాను. ఆమె మరి మాట్లాడలేదు.

నామకరణం పదకొండవనాడు జరగలేదు. ఆ దినం తప్పితే శుభతిథిలో, శుభనక్షత్రంలో చేయవచ్చని మనువు వికల్పం ఇచ్చాడు. పాప రెండు కిలోలు దాటి ఇంటికి వచ్చాక ముహూర్తం పెట్టాను. తేనె పాత్ర పూజామందిరంలోనే ఉంచి, మేధాజనన మంత్రం మాత్రం చెవిలో చెప్పాను. పేరు రుద్రమ.