రాగిచేనిలో అనుముసాలు

మహదేవపుర పరిసరములందు నేడు సౌధములు నిలిచిన నేలలో చాల భాగము పూర్వము వర్షాధారపు సేద్యభూమి. రాగిసాళ్ళ నడుమ అనుములు, కందులు విత్తుట బెంగుళూరు సీమ రైతుల పరంపర. కన్నడిగులు దీనిని 'అక్కడి' పద్ధతి యందురు. మన రాయలసీమ మెట్టరైతులకును మిశ్రమ సేద్యము క్రొత్త గాదు.

ఇందలి మర్మము వేళ్ళయందున్నది. 1888లో జర్మనీయందు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అను శాస్త్రజ్ఞులు, పప్పుజాతి మొక్కలు వేరుబుడిపెలలోని సూక్ష్మజీవుల తోడ్పాటున గాలిలోని నత్రజనిని గ్రహించునని నిరూపించిరి. 1904లో హిల్ట్‌నర్ వేరుచుట్టు మన్నునకు 'రైజోస్ఫియర్' అని పేరిడెను.

వేరు నీటిని పీల్చు గొట్టము మాత్రమే గాదు. అది చక్కెరలను, ఆమ్లములను స్రవించి, తనకు తగిన జీవులను చేరదీయును. అనుమువేరు విడుచు ఫ్లేవనాయిడ్లు రైజోబియములకు పిలుపువంటివి. అవి ప్రతిసంకేతమిడిన పిదపనే బుడిపె కట్టును. కోసిన బుడిపె లోపల ఎఱ్ఱగా నున్నచో అది పనిచేయుచున్నదని గుర్తు. రాగివేరునకు బుడిపెలు లేవు. అది శిలీంధ్రతంతువులతో పొత్తు గలిపి భాస్వరమును రాబట్టుకొనును. కావున రెండు పైరులు విత్తిన రైతు, తానెరుగకయే, రెండు సూక్ష్మజీవ సమాజములను పోషించుచుండెను.

1972లో పటాన్‌చెరువున స్థాపితమైన ఇక్రిశాట్ పరిశోధకులు, ఎఱ్ఱనేలలలో ఇనుముతో బంధింపబడిన భాస్వరమును కందివేరు స్రావము విడిపించునని 1990లో ప్రకటించిరి. పైరు కోసిన పిదప రాలిన ఆకులు, కుళ్ళిన వేళ్ళు మరుసటి పంటకు నత్రజని నిచ్చును.

ఎన్ని రాగిసాళ్ళకొక అనుముసాలు వేయవలెనను లెక్క నోటిమాటగనే తరతరములకు వచ్చినది. చేలు పోయినచోట ఆ మాటయు పోవును. ఎరిగిన వృద్ధుల నడిగి దానిని వ్రాసియుంచుట మన సంఘములు ఆలస్యము చేయరాని పని.