అధ్యక్షా!

బీజాపూర్ రోడ్డు మీద మొయినాబాద్ దాటితే చేవెళ్ల దాకా రెండు పక్కలా ముసలి మర్రులు. అందులో ఒకదాని నీడన చాయ్ హోటల్. టీవీలో అసెంబ్లీ నడుస్తోంది. మాటకు ముందొకసారి, వెనకొకసారి 'అధ్యక్షా' అంటూ ఎవరో ఎమ్మెల్యే ఊగిపోతున్నారు. నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన సాసర్లో చాయ్ ఊదుకుంటూ కాసేపు విని, పొయ్యి దగ్గరి పిల్లగాడి వైపు తిరిగి, "అధ్యక్షా! ఇంకో చాయ్ పొయ్యి, చక్కెర జర్ర తక్కువెయ్యి" అన్నాడు. హోటలంతా నవ్వింది. పిల్లగాడు మాత్రం నవ్వకుండా "కూసోండ్రి, కూసోండ్రి" అని చెయ్యి ఊపాడు.

ఆ స్పీకర్ కుర్చీ ఈ రోడ్డుకు పరాయిదేం కాదు. 2023 డిసెంబర్‌లో తెలంగాణ స్పీకరైన గడ్డం ప్రసాద్ కుమార్ గెలిచిన వికారాబాద్, ఇదే దారిన పోయి మన్నెగూడ దగ్గర మళ్లితే వస్తుంది. చేవెళ్ల లోక్‌సభ స్థానంలోని ఏడు సెగ్మెంట్లలో అదొకటి.

నన్ను ఆ పూట పట్టుకున్నది మాత్రం మాట. పత్రికల్లో స్పీకర్‌ను 'సభాపతి' అని రాస్తారు, సభ్యులు 'అధ్యక్షా' అని పిలుస్తారు. ఢిల్లీకి పోతే ఈ రెండు మాటలూ వేరుపడి చెరో సభలో కాపురం పెట్టాయి. హిందీలో లోక్‌సభ స్పీకర్ 'అధ్యక్ష్', రాజ్యసభ ఛైర్మన్ 'సభాపతి'. మనకు సభాపతి అనగానే దిగువ సభ గుర్తొస్తే, వాళ్లకు ఎగువ సభ గుర్తొస్తుంది. దిగువ సభ పెద్దకే రెండు మాటలూ కట్టబెట్టేసి, ఎగువ సభ పెద్దకు మనం మిగిల్చింది 'ఛైర్మన్'. కుర్చీ మనిషి! మున్సిపాలిటీకీ ఛైర్మనే, మార్కెట్ కమిటీకీ ఛైర్మనే, సింగిల్ విండోకూ ఛైర్మనే.

నన్నడిగితే 'అధ్యక్షుడు' అనే మాట అసలు ఆ ఎగువ సభ పెద్దకే చెందాలి. అధి అంటే పైన, అక్షం అంటే కన్ను. ప్రత్యక్షం కంటి ఎదుట ఉన్నది, పరోక్షం కంటికి అవతలిది. వాటి తోబుట్టువే ఇది. పైనుంచి కనిపెట్టుకుని ఉండేవాడు అధ్యక్షుడు. మన 'కనిపెట్టడం'లోనూ ఆ చూపే ఉంది చూడండి. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణం పేరే అధ్యక్షప్రచారం. సాగు చూసేవాడు సీతాధ్యక్షుడు, నూలు చూసేవాడు సూత్రాధ్యక్షుడు, సుంకాలు చూసేవాడు శుల్కాధ్యక్షుడు, కల్లు సారా చూసేవాడు సురాధ్యక్షుడు. ఎక్సైజ్ సూపరింటెండెంట్‌ను 'అధ్యక్షా' అని పిలిస్తే కౌటిల్యుడు తప్పుపట్టడన్నమాట.

అంతకు చాలా ముందు ఈ మాట ఇంకా పైన కూర్చుని ఉండేది. ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం చివర్లో, ఈ సృష్టి ఎలా పుట్టిందో పరమాకాశంలో ఉన్న దాని అధ్యక్షుడికి తెలిసే ఉంటుంది, లేకపోతే ఆయనకూ తెలియదేమో అంటాడు ఋషి. అధ్యక్షస్థానం గురించి అంత నిబ్బరంగా మాట్లాడిన సభ్యుడు మళ్లీ పుట్టలేదు.

'సభాపతి' తక్కువ మాటేం కాదు. శ్రీరుద్రం సభలకూ సభాపతులకూ దండం పెడుతుంది, చిదంబరం నటరాజుకూ ఆ పేరుంది. కానీ పతి అంటే యజమాని. భూపతి, గృహపతి, గజపతి అన్నీ ఏలుబడి మాటలే. రాజ్యసభ పెద్ద ఆ సభకు యజమాని కాదు సరికదా, సభ్యుడు కూడా కాదు. రాజ్యాంగం 64వ అధికరణం ప్రకారం ఉపరాష్ట్రపతి కాబట్టి ఆ కుర్చీ దక్కింది. 245 స్థానాల సభను నడుపుతాడు గానీ మొదటి విడతలో ఓటు లేదు. రెండు వైపులా సరిసమానమై తెగకపోతేనే ఆయన ఓటు. ఓటు సంగతిలో స్పీకర్‌దీ ఇదే రూలు, కానీ స్పీకర్ ఆ ఇంటివాడు, బెంచీ మీంచి లేచి కుర్చీ ఎక్కినవాడు. ఈయన బయటినుంచి వచ్చి చూస్తూ కూర్చునేవాడు.

ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు మాటల పట్టింపు కూడా ఉండేది. 'రాజ్యసభ' అనే పేరును 1954 ఆగస్టు 23న సభలో ప్రకటించింది అప్పటి ఛైర్మన్ సర్వేపల్లి రాధాకృష్ణనే. 2017 డిసెంబర్‌లో వెంకయ్య నాయుడు, కాగితాలు సభ ముందు పెట్టే మంత్రులు ఆనవాయితీగా వాడే 'బెగ్' అన్న ఇంగ్లిషు మాట వద్దన్నారు. స్వతంత్ర దేశంలో ఎవరిని అడుక్కోవాలి? చిన్న దిద్దుబాటే. నాకు మాత్రం ఆయన గంటల ఉపన్యాసాల కంటే అదే నచ్చింది.

ఈ రోడ్డుకు రాజ్యసభతోనూ చుట్టరికముంది. చేవెళ్ల లోక్‌సభ స్థానానికి 2009లో తొలి ఎంపీ అయిన ఎస్. జైపాల్ రెడ్డి అంతకుముందు 1991–92లో రాజ్యసభ ప్రతిపక్ష నేత. అప్పుడు కుర్చీలో శంకర్ దయాళ్ శర్మ, ఒకప్పటి మన గవర్నరు. ఎంత పదునైన మాటైనా ముందు 'సర్' అని ఆ కుర్చీకి అప్పజెప్పాకే ఎదుటి పక్షానికి తగిలించాలి.

ఊరి పంచాయితీ చూసినవాళ్లకు ఈ ఏర్పాటు కొత్త కాదు. గెట్టు తగాదాలో అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూడరు. "గాయనకు జెప్పుండ్రి పెద్దమనిషీ, గెట్టు జరిపింది నేను గాదని" అంటాడు అన్న. తమ్ముడు మూరెడు దూరంలోనే ఉంటాడు. అయినా మాట పెద్దమనిషి చెవి మీదుగా పోయి తగలాలి. ఆ చుట్టుతిరుగుడులోనే సగం వేడి దిగుతుంది. పెద్దమనిషికి ఆ చెల్కలో వాటా ఉండకూడదు, అదొక్కటే అర్హత. తెగకపోతే తువ్వాల దులుపుకుని "ఐతారం కూసుందాం" అని లేస్తాడు. దాన్ని మనం వాయిదా అంటాం. ఉర్దూ 'వాదా' నుంచి వచ్చింది, మాట ఇవ్వడం అని అర్థం.

టీవీలో సభ పది నిమిషాలు వాయిదా పడింది. పెద్దాయన చాయ్ ఇంకా రాలేదు. పొయ్యి వైపు తిరిగి మళ్లీ పిలిచాడు, "అధ్యక్షా..."