గంటల లెక్క

దీపావళి భోజనాల దగ్గర ఒకావిడ కూతుర్ని అడుగుతోంది: "ఇంకా ఎన్ని గంటలు మిగిలాయే నీకు?" హోమ్‌వర్క్ సంగతేమో అనుకున్నాను. కాదు, సర్వీస్ అవర్స్ గురించి! కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవడానికి ఇంకో పదిహేను గంటలు కావాలట. పక్కనే పులిహోర తింటున్న మరో కుర్రాడు నవ్వి, "నేను ఏడాదంతా ఇస్తానన్నా తీసుకోరు అంకుల్" అన్నాడు. హైస్కూలు అవగానే ఓ ఏడాది అమెరికోర్‌లో పనిచెయ్యాలని వాడి కోరిక. కానీ అది పౌరులకీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకే. వాడిది హెచ్-4 వీసా.

ఒకరికి గంటలు బరువు, ఇంకొకరికి తలుపే మూత. ఇంటికొచ్చాక ఈ తలుపు కథేమిటో కాస్త చదివాను.

యువతకి పని చూపించి, దాన్ని దేశసేవగా మార్చాలన్న ఆలోచన ఇక్కడ పెద్ద ఎత్తున అమలైంది 1933లో. అప్పుడు దేశమంతా ఆర్థిక మాంద్యం. పద్ధెనిమిది నుంచి పాతికేళ్ళ మధ్య వయసున్న నిరుద్యోగ యువకుల కోసం రూజ్‌వెల్ట్ సివిలియన్ కన్సర్వేషన్ కోర్ పెట్టాడు. నెలకి 30 డాలర్ల జీతం. అందులో 25 డాలర్లు తిన్నగా ఇంటికి వెళ్ళిపోయేవి. డబ్బు ఇంటికి పంపడం అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా! 1942లో ఆపేసేలోగా సుమారు 30 లక్షల మంది అందులో పనిచేసి, 300 కోట్ల చెట్లు నాటారు. ఆకులు రంగులు మారే రోజుల్లో మనం పిల్లల్ని తీసుకుని వెళ్ళే షెనండోవా స్కైలైన్ డ్రైవ్‌లో, దారి పక్కన రాతిగోడలు చాలావరకు వాళ్ళ చేతిపనే.

అయితే ఆ తలుపు కూడా అందరికీ తెరుచుకోలేదు. ఆడపిల్లలకి చోటు లేదు. నల్లజాతి యువకుల్ని చాలాచోట్ల విడి క్యాంపుల్లో ఉంచారు.

1960 అక్టోబరు 14న, తెల్లవారుజామున రెండు గంటల వేళ, మిషిగన్ విశ్వవిద్యాలయంలో వేలమంది విద్యార్థులు కెనెడీ కోసం కాచుకుని ఉన్నారు. బీద దేశాలకి వెళ్ళి పనిచేస్తారా అని ఆయన వాళ్ళని అడిగాడు. విద్యార్థులు సంతకాలు సేకరించి సరేనన్నారు. మర్నాటి ఏడాది మార్చిలో పీస్ కోర్ పుట్టింది. 1961 నుంచి 1976 దాకా ఆ వాలంటీర్లు మన దేశంలోనూ పనిచేశారు. 1964లో దేశంలోని పేదరికం మీద పనిచేసేందుకు విస్టా వచ్చింది. 1993 చట్టంతో అమెరికోర్ వచ్చింది. అందులో ఇప్పటికి పది లక్షల మందికి పైగా పనిచేశారు.

ఈలోగా ఓటు తలుపూ తెరుచుకుంది. పద్ధెనిమిదేళ్ళకే వియత్నాం యుద్ధానికి పంపే ప్రభుత్వం, ఓటుకి మాత్రం ఇరవై ఒకటి రావాలంటే ఎలా అని యువత నిలదీసింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణ ఓటు వయసుని పద్ధెనిమిదికి దించింది.

మన దేశంలోనూ ఇలాంటి ప్రయత్నం జరిగింది. గాంధీజీ శతజయంతి సంవత్సరం 1969లో, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో ఎన్.ఎస్.ఎస్. మొదలైంది. మనలో ఎంతమందిమి ఏదో ఒక పల్లెలో పదిరోజుల క్యాంపుకి వెళ్ళి, మట్టి తట్టలు మోసి, రాత్రి బడి అరుగుమీద పడుకోలేదు? సర్టిఫికెట్ కోసమే వెళ్ళామన్నది నిజమే. కానీ ఇవాళ సర్టిఫికెట్ ఎక్కడుందో తెలీదు, ఆ ఊరు మాత్రం గుర్తుంది.

తెరిచిన తలుపు తెరిచే ఉంటుందన్న భరోసా లేదు. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం అమెరికోర్ గ్రాంట్లు సుమారు 40 కోట్ల డాలర్ల మేరకు హఠాత్తుగా రద్దు చేసింది. కొన్ని రాష్ట్రాలు కోర్టుకెళితే, జూన్‌లో ఆ రాష్ట్రాలవరకు పునరుద్ధరించమని ఉత్తర్వు వచ్చింది. అంటే ఇవి ఎవరో ఒకసారి ఇచ్చేసి వెళ్ళిన వరాలు కావు. అడిగేవాళ్ళుంటేనే నిలుస్తాయి.

అడగడానికి మనకున్న సాధనం ఓటు. సిటిజన్‌షిప్ వచ్చి ఏళ్ళు గడిచినా ఓటరుగా నమోదు కాని పెద్దలు మనలోనే ఉన్నారు. వాళ్ళ పిల్లలకి పద్ధెనిమిది నిండితే మనం ఇచ్చే కానుక కారు తాళం! దాంతోపాటు ఓటరు నమోదు ఫారం కూడా చేతికిస్తే ఏం పోయింది? చాలా రాష్ట్రాల్లో పద్ధెనిమిది రాకముందే పేరు ముందస్తుగా నమోదు చేయించుకోవచ్చు కూడా.

ఇక ఆ హెచ్-4 కుర్రాడు? వాడు ప్రతి శనివారం పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళి, కొత్తగా వచ్చిన శరణార్థుల పిల్లలకి లెక్కలు చెబుతున్నాడు. ఎన్ని గంటలయ్యాయిరా అని అడిగాను.

"లెక్కపెట్టలేదు అంకుల్" అన్నాడు.

వాడికి ఓటు లేదు. ఉన్నవాళ్ళం వాడి తరఫున కూడా వెయ్యాలి.