పాంగు ఆట: పుట్టుపూర్వోత్తరములు

ఒంటరిగా పులిజూదమాడువాడు లేడు. అరుగుమీద గీసిన గీతలకు ఆవల నొకడు, ఈవల నొకడు కూర్చుండిననేగాని ఆట సాగదు. ఎదుటివాడు లేనిదే ఆట లేదను ఈ నియమమే అమెరికా దేశమున పుట్టిన పాంగు అను వీడియో ఆటకును ప్రాణమైనది.

పాంగునకు పూర్వమే, 1958 అక్టోబరులో, న్యూయార్కు రాష్ట్రమందలి బ్రూక్‌హేవెన్ జాతీయ పరిశోధనాలయమున అట్టి క్రీడ యొకటి వెలసెను. దానిని కల్పించినవాడు విలియం హిగిన్‌బోథం. ఈతడు రెండవ ప్రపంచయుద్ధ కాలమున లాస్ అలమోస్‌లో అణుబాంబునకు వలయు ఎలెక్ట్రానిక్ పరికరముల నిర్మాణమున పాల్గొన్నవాడు. యుద్ధానంతరము అణ్వాయుధముల వ్యాప్తిని అరికట్టుటకై పాటుపడినవాడు. పరిశోధనాలయమును దర్శింప వచ్చెడి జనులకు విసుగు కలుగరాదని, గణనయంత్రము నొకదానిని ఆసిలోస్కోపునకు జోడించి, దాని చిన్న తెరపై వెలుగుచుక్కను బంతివలె ఎగురజేసెను. ఇద్దరు చెరియొక మీట నొక్కుచు టెన్నిసు ఆడిరి. జనులు బారులు తీరి నిలిచిరి. ఆయన దానికి పేటెంటు కోరలేదు. మరుసటి యేటి ప్రదర్శన పిదప ఆ యంత్రమును విప్పి, భాగములను ఇతర పనులకు వాడుకొనిరి.

ఆ తరువాత, నాజీల బాధ తప్పించుకొని 1938లో జర్మనీనుండి అమెరికా చేరిన రాల్ఫ్ బేర్, ఇంటి టెలివిజనుపై ఆడదగిన యంత్రమును రూపొందించెను. అది 1972లో మాగ్నవాక్స్ సంస్థవారి ‘ఒడిస్సీ’ అను పేర అంగళ్లకు వచ్చెను. అందలి టెన్నిసు ఆటను నోలన్ బుష్నెల్ ఆ యేటి మే నెలలో చూచెను. ఆయనయు టెడ్ డాబ్నీయు కలిసి అదే సంవత్సరము అటారీ సంస్థను నెలకొల్పిరి. క్రొత్తగా చేరిన అలన్ ఆల్కార్న్ అను ఇంజనీరునకు, చేయి తిరుగుటకై, బుష్నెల్ అట్టి ఆటనే అప్పగించెను.

తెర నడుమ చుక్కల గీత, ఇరుప్రక్కల రెండు నిలువు గీతలు, ఒక చదరపు బంతి: ఇంతియే పాంగు. బంతి తగిలిన చోటునుబట్టి దాని దారి మారును. ఆట సాగినకొలది వేగము హెచ్చును. నిలువు గీత తెర పైయంచువరకు పోజాలకుండుట ఒక లోపము. ఆల్కార్న్ దానిని దిద్దక విడిచెను. ఎంతటి నేర్పరికైనను ఆట ఎప్పుడో ముగియుటకు ఆ లోపమే తోడ్పడెను.

మొదటి యంత్రమును కాలిఫోర్నియాలోని సన్నీవేల్ పట్టణమున ఒక పానశాలలో నిలిపిరి. కొలది దినములకే అది చెడెనని కబురు వచ్చెను. ఆల్కార్న్ పోయి పెట్టె విప్పి చూడగా, యంత్రము చెడలేదు. నాణెములు నిండి పొర్లుచుండెను! మాగ్నవాక్స్ వారు వ్యాజ్యము వేయగా, 1976లో అటారీవారు సొమ్ము చెల్లించి రాజీపడిరి.

ఈ లెక్కలలో హిగిన్‌బోథమునకు ఒక్క సెంటైనను చేరలేదు. ఆయన 1994లో గతించెను. ఆట కల్పించినవాడని గాక, అణ్వాయుధముల నరికట్ట శ్రమించినవాడని లోకము తలపవలెనని ఆయన కోరిక. అయినను ఆ రెండు పనులకును పొత్తు కలదు. బాంబు మనుష్యుని మనుష్యునికి శత్రువును జేయును; ఆట ఎదుటివానిని చెలికాని జేయును. ఊరివారినందరిని ఒక్క బల్లచుట్టు ఇరువదియైదేండ్లు కూర్చుండజేసిన గ్రంథాలయము చేసిన పనియు అదియే.