రాజు మరణం, గురువు నిర్యాణం: 1529–1533

క్రీ.శ. 1529 అక్టోబరు 17న విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలు మరణించాడు. 1530 డిసెంబరులో ఆగ్రాలో బాబరు కన్నుమూశాడు. 1531లో పుష్టిమార్గ స్థాపకుడైన వల్లభాచార్యులు కాశీలోను, 1533లో చైతన్యుడు పూరీలోను తనువు చాలించారు. ఐరోపాలో జూరిచ్ సంస్కర్త జ్వింగ్లీ 1531 అక్టోబరు 11న కాప్పెల్ యుద్ధంలో హతుడయ్యాడు. ఇన్ని మరణాలు వరుసగా కనబడగానే ఒక యుగం ముగిసిందని వ్రాయాలనిపిస్తుంది. అది తొందరపాటు. రాయలు గౌరవించిన వ్యాసతీర్థులు 1539 వరకు జీవించారు. మరణించిన సంవత్సరాలు దగ్గరపడినంత మాత్రాన కార్యకారణ సంబంధం ఏర్పడదు. ఈ మరణాల సంగతి మనకెలా తెలిసింది అన్న ప్రశ్న చరిత్ర విద్యార్థికి ఎక్కువ ఉపయోగకరం.

వీరిలో ఇద్దరు మన కృష్ణాతీరాన నడిచినవారే. చైతన్యుడు 1510–12 ప్రాంతంలో దక్షిణ యాత్ర చేస్తూ గోదావరి ఒడ్డున రామానందరాయని కలుసుకొన్నాడు. ఆ యాత్రలో ఆయన దర్శించినట్లు చెప్పబడే పానకాల నరసింహ క్షేత్రం మన మంగళగిరియే. అప్పటికి ఈ ప్రాంతం గజపతులది. కొద్ది సంవత్సరాలకే రాయలు దండెత్తి వచ్చాడు. 1515 జూన్ 23న కొండవీడు పట్టుబడిన సంగతి మంగళగిరి శాసనంలో ఉంది. తరువాత కొండపల్లి లొంగింది. ఆ దండయాత్రలో తాను కొన్నాళ్లు విజయవాడలో విడిది చేసి, అక్కడి నుండి కృష్ణ ఒడ్డునున్న శ్రీకాకుళానికి వెళ్లి ఆంధ్రవిష్ణువును సేవించినట్లు ఆముక్తమాల్యద అవతారికలో ఆయనే చెప్పుకొన్నాడు. వల్లభాచార్యులు ఈ తీరానికి వచ్చారో లేదో గాని, తెలుగు వైదిక కుటుంబంలో పుట్టినవారు.

రాయలు మరణించిన తేదీ విషయంలో మొన్నమొన్నటి వరకు ఏకాభిప్రాయం లేదు. కొందరు 1529 అని, కొందరు 1530 అని వ్రాసేవారు. కర్ణాటకలోని తుమకూరు సమీపాన హొన్నేనహళ్ళిలో దొరికిన కన్నడ శాసనం సంగతి 2022లో వెలుగులోకి రావడంతో తేదీ తేలింది. ఆ శాసనం ఒక గ్రామాన్ని వీరభద్రునికి దానమిచ్చిన పత్రమే తప్ప చరిత్ర గ్రంథం కాదు. రాణి రుద్రమదేవి మరణం కూడా ఇలాగే 1289 నాటి చందుపట్ల దానశాసనం ద్వారా తెలిసింది. దాత దృష్టి పుణ్యం మీద ఉంది. మరణవార్త ప్రసంగవశాత్తు వచ్చింది. అందుకే దాన్ని నమ్మవచ్చు.

గురువుల సంగతి వేరు. చైతన్యుని అంతిమ ఘడియను కృష్ణదాస కవిరాజు తన చైతన్య చరితామృతంలో వర్ణించలేదు. జయానందుడు మాత్రం రథయాత్రలో కాలికి తగిలిన గాయమే కారణమన్నాడు. జగన్నాథునిలో లీనమయ్యాడని మరొక సంప్రదాయం. వల్లభాచార్యులు గంగలో దిగగా జ్వాల ఆకాశానికి లేచిందని ఆయన అనుచరులు చెప్పుకొంటారు. ఇవి విని నవ్వుకొనే ముందు మన సంస్కరణ చరిత్రను ఒకసారి తిరగవేయాలి. శత్రువులు జ్వింగ్లీ దేహాన్ని ముక్కలు చేసి కాల్చిన తరువాత, బూడిదలో ఆయన గుండె చెక్కుచెదరక దొరికిందని మైకోనియస్ వ్రాశాడు. విగ్రహాలను, పరిశుద్ధుల అవశేషాల ఆరాధనను అంత గట్టిగా ఎదిరించినవాని జీవితచరిత్రలో ఈ మాట! రచయిత మైకోనియస్ జ్వింగ్లీకి స్నేహితుడే. జయానందుని గాయం కథ సాధారణమైనది, భక్తునికి అది కల్పించవలసిన అవసరం లేదు. కాబట్టి నా దృష్టిలో దానికి కొంత బరువు ఎక్కువ.

మరణానంతరం జరిగినది కూడా ఒకే తీరున లేదు. రాయల కుమారుడు తిరుమలరాయలు చిన్నతనంలోనే చనిపోయాడు. సవతి తమ్ముడు అచ్యుతరాయలు సింహాసనం ఎక్కగా, అల్లుడు రామరాయలు ఆయనకు పోటీగా నిలిచాడు. ఈ కలహాల నడుమ కొండపల్లి కోటను గోల్కొండ కులీ కుతుబ్ షా పట్టుకొన్నాడు. వల్లభుల మార్గాన్ని రెండవ కుమారుడు విఠ్ఠలనాథుడు విస్తరింపజేశాడు. చైతన్యునికి కుమారులు లేరు. బెంగాల్ సుల్తాను కొలువు విడిచివచ్చిన రూప, సనాతన సోదరులు బృందావనంలో కూర్చుండి గ్రంథాలు వ్రాశారు. జూరిచ్‌లో జ్వింగ్లీ స్థానానికి 27 ఏళ్ల బుల్లింగర్‌ను అదే డిసెంబరులో ఎన్నుకొన్నారు. ఆయన 1575లో మరణించేవరకు, 44 సంవత్సరాలు, ఆ సంఘాన్ని నడిపించాడు.