ఆలస్యం పుట్టిన చోటు: నాందేడ్ రైలు మార్గం నుంచి డేటాబేస్ లాగ్ దాకా

నిజాం రాజ్యంలో హైదరాబాద్–గోదావరి లోయ రైలు మార్గం 1900 ప్రాంతంలో మన్మాడ్ దాకా పూర్తయి, గోదావరి ఒడ్డునున్న నాందేడ్‌ను మీటరు గేజి పట్టాలతో సికింద్రాబాద్‌కు కలిపిన నాటి నుంచి, బండ్ల ఆలస్యానికి కారణం వెతకడం ఆ మార్గం మీద నిత్యకృత్యమయింది. రాకపోకలు రెంటికీ ఒకే లైను ఉండడం వల్ల ఎదురెదురుగా వచ్చే బండ్లు స్టేషన్లలోనే దారి ఇచ్చుకోవలసి వచ్చేది; రైల్వేవారు క్రాసింగ్ అనే ఈ ఏర్పాటులో ఒక బండి ఆలస్యం రెండోదానికి, దాని నుంచి మూడోదానికి అంటుకునేది.

ముందున్న సెక్షన్ ఖాళీగా ఉందని పక్క స్టేషన్ ఇచ్చే అనుమతిని లైన్ క్లియర్ అంటారు. అది ఎప్పుడు అడిగారో, ఎప్పుడు దొరికిందో, బండి ఎన్ని గంటలకు వచ్చి ఎన్ని గంటలకు కదిలిందో స్టేషన్ మాస్టరు ట్రెయిన్ రిజిస్టరులో రాస్తే, బండి వెంట ఉన్న గార్డు ఎక్కడ ఎన్ని నిమిషాలు ఎందుకు పోయాయో తన జర్నల్‌లో వేరుగా రాసేవాడు. నాందేడ్‌లో ప్రయాణికుడికి కనబడేది బండి ఆలస్యంగా రావడం ఒక్కటే. అది ఏ స్టేషన్‌లో, ఏ బండి కోసం ఆగినప్పుడు మొదలైందో ఈ రెండు రికార్డులను పక్కపక్కన పెట్టి చదివినవారికే తేలేది. కంప్యూటరు కాలంలో ఆలస్యంగా జవాబు వచ్చే ప్రశ్నల కోసం స్లో క్వెరీల వేట పేరుతో సాగుతున్న పని ఈ పాత విద్యకు నేరుగా వారసత్వం కాకపోయినా, రెండింటి తర్కం ఒకటే.

పాలనాపరంగా నాందేడ్ ప్రాంతం చాలాసార్లు చేతులు మారింది. నిజాం రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1956లో నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రానికి వెళ్ళగా, ఆ జిల్లాలోని ముధోల్, భైంసా ప్రాంతాలు తెలుగు రాష్ట్రంలో చేరాయి. అయినా 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడడంతో రైలు పాలనలో నాందేడ్ తెలుగు నేలతోనే ముడిపడి ఉండిపోయింది, 2003 ఏప్రిల్ 1న సొంత డివిజన్ వచ్చాక కూడా ఆ జోన్‌లోనే కొనసాగింది.

ఈ బంధానికి కేంద్రమైన సికింద్రాబాద్ రిజర్వేషన్ చరిత్రలోనూ స్పష్టంగా కనబడుతుంది. బెర్తుల లెక్క చేతిరాత రిజిస్టర్లలో ఉన్న రోజుల్లో మరో ఊరి నుంచి బయల్దేరే బండిలో చోటు కావాలంటే టెలిగ్రాం పంపి జవాబు కోసం ఎదురుచూడాలి. 1989లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలై, రైల్వే సమాచార వ్యవస్థల సంస్థ క్రిస్ రూపొందించిన కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ 1994లో అక్కడే తొలిసారి అమలుకు వచ్చి, 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఒకే వలగా కలిశాక, కౌంటరు గుమాస్తా ప్రశ్నకు జవాబు దూరంలోని డేటాబేస్ నుంచి అప్పటికప్పుడు రాసాగింది.

ఆ జవాబు ఆలస్యమైన చోటు వెతకడానికి ముందు కొన్ని మాటలు తెలియాలి. డేటాబేస్ అంటే వరుసలు, గడులుగా అమర్చిన సమాచార భాండాగారం. దాన్ని అడిగే ప్రశ్న క్వెరీ. జరిగిన పనిని యంత్రం తనంతట తాను రాసుకునే పట్టిక లాగ్. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్‌లో నిర్ణీత గడువు మించిన క్వెరీలను స్లో క్వెరీ లాగ్ నమోదు చేస్తుంది. ఆ గడువు ఎవరూ మార్చకపోతే 10 సెకన్లు, 5.1 వెర్షన్ వచ్చేదాకా సెకను కన్నా తక్కువ పెట్టే వీలు లేదు. ఒక్కో నమోదులో క్వెరీకి పట్టిన సమయం, తాళం కోసం (అంటే ఒకరు మారుస్తున్న సమాచారాన్ని మరొకరు ముట్టకుండా ఆపే కట్టడి తొలగడానికి) ఆగిన సమయం, పంపిన వరుసలు, పరిశీలించిన వరుసలు ఉంటాయి. చివరి రెండు అంకెలను పోల్చడంలోనే అసలు నేర్పు ఉంది: ఆరు వరుసల జవాబుకు లక్షల వరుసలు తిరగేసినట్టు ఉంటే, కావలసిన వరుసలను నేరుగా చూపే సూచిక, అంటే తగిన ఇండెక్స్, లేదని అనుమానించి, ఎక్స్‌ప్లెయిన్ అనే ఆదేశంతో డేటాబేస్ ఎంచుకున్న దారిని పరీక్షించవచ్చు.

అయితే గడువు మించినవాటినే చూస్తే లెక్క తప్పుతుంది. రోజుకొకసారి పది సెకన్లు తీసుకునే నివేదిక కన్నా, సెకనులో ఐదో వంతు మాత్రమే తీసుకుని లక్షసార్లు నడిచే క్వెరీ యంత్రాన్ని ఎంతో ఎక్కువగా అలిసిపోయేలా చేస్తుంది. అందుకే మైఎస్‌క్యూఎల్‌డంప్‌స్లో అనే పనిముట్టు అంకెల స్థానంలో ఎన్, మాటల స్థానంలో ఎస్ పెట్టి ఒకే మూసలోని క్వెరీలను కలిపి లెక్కిస్తుంది. మరో డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్‌లో 2009లో చేరిన, క్వెరీల లెక్కలు చూపే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్‌కు ఈ మూసకట్టే శక్తి 2012 నాటి 9.2 వెర్షన్‌తో అబ్బింది. గడువు లెక్కలో మరో లోపమూ ఉంది. మైఎస్‌క్యూఎల్ మొదటి తాళాల నిరీక్షణను గడువులో లెక్కించదు కనుక, క్రాసింగ్‌లో నిలిచిన బండిలా ఆగిన క్వెరీ లాగ్‌కు ఎక్కకుండా తప్పించుకోగలదు. నెట్‌వర్క్‌లో పోయిన సమయం కూడా ఈ లాగ్‌లో పూర్తిగా కనబడదు.

క్వెరీలన్నీ బాగున్నా, అందరూ ఒకే క్షణంలో అడిగితే వ్యవస్థ మందగిస్తుంది. 2002లో ఇంటర్నెట్ టికెట్లు మొదలయ్యాక అత్యవసర ప్రయాణాలకు ఇచ్చే తత్కాల్ టికెట్ల వేళ ఈ ఒత్తిడి అందరికీ అనుభవమయింది. రైల్వే 2015 జూన్ నుంచి ఏసీ తరగతుల తత్కాల్‌ను ఉదయం 10 గంటలకు, మిగిలినవాటిని 11 గంటలకు తెరవడం మొదలుపెట్టి, ఒంటి లైను మీద బండ్ల వేళలు సర్దినట్టే, ప్రశ్నలు వచ్చే వేళలనే విడదీసింది.