తుమ్మ నుంచి ద్రాక్షకు

నవాబుపేట, వికారాబాదు, తాండూరు ప్రాంతాల చేలగట్ల మీద నల్లతుమ్మ పాతకాపు. నాగలికి, బండి చక్రానికి దాని కర్ర, తోళ్ళు పదును చేయడానికి దాని బెరడు రైతుకు అక్కరకు వస్తూనే ఉన్నవి. దక్కను పీఠభూమిలో ఈ చెట్టును ఆశ్రయించి బ్రదికే పొడవు మీసాల పెంకుపురుగు ఒకటి ఉన్నది. పొడవు ఒకటి, ఒకటిన్నర అంగుళాలు. రంగు మాసిన పసుపు.

లిన్నేయస్ శిష్యుడు ఫాబ్రీసియస్ 1781లో దీనిని వర్ణించి పేరు పెట్టాడు. నేటి శాస్త్రనామం సెలోస్టెర్నా స్కాబ్రేటర్. ఆ కాలపు ఐరోపా పండితులకు సూదికి గ్రుచ్చిన ఎండు పురుగే ఆధారం. అది ఏ చెట్టును తింటుందో తెలుసుకొనే పని మన దేశపు అటవీ కీటకశాస్త్రజ్ఞులకు మిగిలినది. స్టెబ్బింగ్ 1914లోను, బీసన్ 1941లోను ప్రకటించిన ఉద్గ్రంథాలలో ఇది తుమ్మవేరు తొలిచే పురుగుగా స్థానం పొందినది. లేత సాలవృక్షాలనూ ఇది వదలదు. తరువాత సరుగుడు తోటలలోను, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన యూకలిప్టస్ మొక్కలలోను కనబడినది. అనగా కొత్త చెట్టు నాటినప్పుడల్లా జాబితా పెరిగినదన్నమాట!

దీని జీవనం దాదాపు ఏడాది. వానలు పడగానే తల్లిపురుగు నేలకు దగ్గరగా బెరడును కొరికి, ఆ గంటులో గ్రుడ్డు పెడుతుంది. పిల్లపురుగు కాండంలో దూరి, క్రిందికి తొలుచుకుంటూ వేరులోకి దిగుతుంది. నమిలిన కర్రపొట్టును వెలుపలికి త్రోస్తుంది. మరుసటి వానలకు పెంకుపురుగై బయటపడి లేత కొమ్మల బెరడు గీరి తింటుంది.

హైదరాబాదుకు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను సుమారు 1890లో అబ్దుల్ బాకర్ ఖాన్ తెచ్చాడు. తుమ్మల దేశంలో పందిళ్ళు వెలసినవి. ఇటీవలి దశాబ్దాలలో మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటక ద్రాక్షతోటలకు ఈ పురుగు పెద్ద బెడదయినది. అడవిలో ఒక మొక్క చస్తే పక్కది పెరుగుతుంది. ద్రాక్షలో పందిరంతా ఒక్క బోదె మీదనే ఆధారపడి ఉంటుంది. ఆకులు పచ్చబడేసరికి లోపల బోలు అయి ఉంటుంది.

అయితే గట్టు మీది తుమ్మలను నరికివేయవలెనా? నా అభిప్రాయంలో అది తొందరపాటు. ఇన్ని చెట్లు తినగల పురుగు ఒక తుమ్మ పోతే తోటను వదలదు. రైతుకు కర్ర మాత్రం పోతుంది. వానాకాలంలో ప్రతి బోదె మొదలు వంగి చూడడం మేలు. నేలమీద తాజా కర్రపొట్టు కనబడితే రంధ్రం దగ్గరలోనే ఉంటుంది. వంకర తిప్పిన ఇనుప తీగతో పిల్లపురుగును అప్పుడే లాగివేయవచ్చును. వేరులోకి దిగిన తరువాత తీగ అందదు.